నిఘా కాదు, కావలి



మన అల్లవరం మండలంలో ఓడలరేవు, బెండమూర్లంక మొదలుకొని దేవగుప్తం, గోడి, బోడసకుర్రు దాకా ఏ ఊరికి వెళ్ళినా, చేతిలో పుస్తకం, భుజాన సంచితో ఇంటింటికీ తిరిగే ఒక స్త్రీ కనబడుతుంది. ఆమె ఊరికి కొత్త కాదు. ఆ ఊరి కోడలో, ఆడపడుచో అయివుంటుంది. గుమ్మం ముందు నిలబడి ఆమె అడిగేది ఎప్పుడూ ఒకటే: "ఇంట్లో ఎవరికైనా జ్వరమొచ్చిందా అండీ? దగ్గు గానీ, విరేచనాలు గానీ ఉన్నాయా?" చాలా ఇళ్ళలో ఆమెకు వచ్చే జవాబూ ఒకటే: "ఆయ్, అందరం బాగానే ఉన్నామండీ."

పైకి ఇది చాలా చిన్న సంభాషణ. కాని దీని అడుగున మూడు పెద్ద ప్రశ్నలున్నాయి. మన ఇంటి జబ్బు సంగతి అడిగే హక్కు ఆమెకు ఎక్కడిది? నిజం చెప్పవలసిన బాధ్యత మనకు ఉందా? మనం నమ్మి చెప్పిన మాటను ఆమె పైవారికి చేరవేయడం ధర్మమేనా? ఈ వారం వీటిని గూర్చి కలిసి ఆలోచిద్దాం.

ముందు మాటతోనే మొదలుపెడదాం. అంటువ్యాధులను కనిపెట్టి ఉండే పనిని ప్రభుత్వ కాగితాల్లో 'వ్యాధుల నిఘా' అంటారు. నిఘా అనగానే మనకు గుర్తొచ్చేది పోలీసులు. ఎవరో ఒకరు మనకు తెలియకుండా మనల్ని గమనిస్తున్నారన్న భావం ఆ మాటలో ఉంది. మన పల్లెల్లో ఇంకొక మాట ఉంది: కావలి. కోతకొచ్చిన చేనుకు కావలి ఉంటాడు. వరదొచ్చినప్పుడు ఏటిగట్టు మీద రాత్రంతా కావలి కాస్తారు. నిఘాలో ఉన్నవాడూ చూస్తాడు, కావలి ఉన్నవాడూ చూస్తాడు. చూపు ఒకటే అయినా ధర్మం వేరు. ఆ తేడా ఏమిటో తేల్చుకుంటే మన మూడు ప్రశ్నలకూ జవాబు దొరుకుతుందని నా నమ్మకం.

అసలు ఈ పని ఎలా జరుగుతుందో తెలుసుకుందాం. 2004లో మన దేశంలో సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం మొదలైంది. దానిలో మూడు రకాల పత్రాలు పెట్టారు. ప్రయోగశాల నిర్ధారించిన జబ్బును ఎల్ పత్రంలో రాస్తారు. డాక్టరు పరీక్షించి ఫలానా జబ్బు కావచ్చునని అనుకున్నదాన్ని పి పత్రంలో రాస్తారు. వీటన్నిటికంటె ముందుది ఎస్ పత్రం. అది క్షేత్రస్థాయి ఆరోగ్య కార్యకర్త రాసేది. అందులో జబ్బు పేరు ఉండదు, లక్షణం మాత్రమే ఉంటుంది: జ్వరం, దగ్గు, నీళ్ళ విరేచనాలు, కామెర్లు. 2021 నుండి ఈ సమాచారమంతా కంప్యూటరు ద్వారా ఏ రోజుకారోజు పైకి పోతున్నది. యంత్రం ఎంత వేగంగా పనిచేసినా, మొదటి అక్షరం మాత్రం గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషే రాయాలి.

ఎందుకంటే ప్రయోగశాలకు తెలిసేది రక్తం అక్కడికి చేరిన తరువాతనే. డాక్టరుకు తెలిసేది రోగి నడిచి వచ్చిన తరువాతనే. ఒకే వీధిలో మూడిళ్ళలో పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయని, రోజూ కనబడే ముసలాయన నాలుగు రోజులుగా అరుగు మీదికి రాలేదని ముందుగా తెలిసేది ఇరుగుపొరుగుకే. 2022 జూలైలో గోదావరి వరదలకు మన లంకలు మునిగినప్పుడు ఈ సంగతి ఎంత విలువైనదో అందరికీ అర్థమైంది. నీరు తీసిన తరువాత వచ్చేది జబ్బుల కాలం. అప్పుడు తాగునీటిలో క్లోరిన్ కలపడం ఎంత ముఖ్యమో, ఏ ఇంట ఎన్ని విరేచనాలు అవుతున్నాయో అడిగి తెలుసుకోవడమూ అంతే ముఖ్యం.

ఈ ఇంటింటి పని నిన్న మొన్నటిది కాదు. 1958లో మలేరియా నిర్మూలన కార్యక్రమం మొదలైన తరువాత, పదిహేను రోజులకోసారి ఇంటికి వచ్చి జ్వరమున్నవారి వేలు పొడిచి గాజు పలక మీద రక్తపు చుక్క తీసుకుపోయిన వారిని పెద్దలు మరచిపోయి ఉండరు. 1977 అక్టోబరు 2న గ్రామానికి చెందిన మనిషినే ఆరోగ్య కార్యకర్తగా తీసుకునే పథకం వచ్చింది. వారికి నెలకు ఇచ్చినది 50 రూపాయలు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో సుమారు 1000 మంది జనాభాకు ఒకరి చొప్పున 'ఆశా' కార్యకర్తలు వచ్చారు. పేర్లు మారాయి, పథకాలు మారాయి. గుమ్మం ముందు ప్రశ్న మాత్రం మారలేదు.

ఇక అడిగే హక్కు సంగతి. మన కోనసీమకు బాగా తెలిసిన జబ్బునే ఉదాహరణగా తీసుకుందాం. బోదకాలు మనకు కొత్తది కాదు. దాన్ని కలిగించే పురుగు మురుగు నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ ద్వారా ఒకరి నుండి మరొకరికి చేరుతుంది. దాని పిల్ల పురుగులు పగటిపూట శరీరం లోపలి రక్తనాళాల్లో దాగివుండి, రాత్రిపూట చర్మానికి దగ్గరగా ఉండే రక్తంలోకి వస్తాయి. అందుకే ఆ రక్త పరీక్షకు సిబ్బంది రాత్రి పొద్దుపోయాక వస్తారు. నిద్రపోయే వేళ తలుపు తట్టి వేలు చూపమంటే ఎవరికైనా విసుగు పుడుతుంది. "నాకు కాలు బాగానే ఉంది కదా, నా రక్తం ఎందుకు?" అని అడుగుతారు.

ఆ ప్రశ్నలోనే విషయమంతా ఉంది. రక్తంలో పురుగులున్న మనిషికి ఏళ్ళ తరబడి ఏమీ తెలియకపోవచ్చు. అతని కాలు వాయదు, జ్వరం రాదు. కాని అతణ్ణి కుట్టిన దోమ రేపు పక్కింటి పిల్లను కుడుతుంది. ఆ పిల్లకు ఇరవై ఏళ్ళ తరువాత గజ్జల్లో బిళ్ళకట్టి, చలిజ్వరమొచ్చి, కాలు బరువెక్కవచ్చు. అంటే నా ఒంట్లో ఉన్నదంతా నా సొంత వ్యవహారం కాదన్నమాట. నా పెరటి మురుగు పొరుగువాడి బావిలోకి దిగుతున్నప్పుడు "నా పెరడు నా ఇష్టం" అనే మాట ఎలా చెల్లదో, ఇదీ అంతే. ఏడాదికోసారి ఇచ్చే డి.ఇ.సి., ఆల్బెండజోల్ మాత్రలను ఆరోగ్యంగా ఉన్నవారు సైతం, కార్యకర్త ఎదుటనే మింగాలనడంలోని న్యాయం కూడా ఇదే. రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి ఆ మాత్రలు ఇవ్వరు. మిగిలిన మనమంతా మింగేది మన కోసం కొంత, మనం ఎరుగని ఆ పిల్ల కోసం కొంత.

కాబట్టి ఆమెకు అడిగే హక్కు ప్రభుత్వ ఉత్తర్వు నుండి మాత్రమే రాలేదు. మనం ఒకే నీరు తాగి, ఒకే గాలి పీల్చి, ఒకే దోమ చేత కుట్టించుకునే మనుషులం కావడం నుండి వచ్చింది. ఉత్తర్వు ఆ బంధాన్ని గుర్తించిందే గాని పుట్టించలేదు.

ఇక్కడ ఎదురు వాదాన్ని న్యాయంగా వినాలి. జనం జబ్బును దాచేది అజ్ఞానం వల్లనే అనుకోవడం తప్పు. వారి భయానికి చరిత్ర ఉంది. 1898లో ఆంగ్లేయుల ప్రభుత్వం చేసిన కుష్ఠురోగుల చట్టం, బిచ్చమెత్తుకునే పేద రోగులను పట్టుకుని ఆశ్రమాల్లో నిర్బంధించడానికి వీలు కల్పించింది. ఆ చట్టాన్ని పూర్తిగా రద్దు చేసింది 2016లో. కుష్ఠువ్యాధి ఉందన్న కారణంతో విడాకులు కోరే వీలును మన చట్టాల నుండి తొలగించింది 2019లో. మందులు వచ్చి, వ్యాధి నయమవుతుందని రుజువైన తరువాత కూడా ఇన్నేళ్ళు పట్టింది. వీపు మీద తిమ్మిరి మచ్చ ఉన్న తల్లి, ఆ మాట బయటికొస్తే కూతురి పెళ్ళి చెడుతుందని చొక్కా కింద, రవిక కింద దాచుకుంటే ఆమెను తిట్టడం సులువు. ఆమెను భయపెట్టినది ఎవరు? మనమే కదా! వరిబీజం ఉన్న మగవాడు ఒక ఆడమనిషి అడిగితే చెప్పలేక పంచె సర్దుకుని వెళ్ళిపోవడం కూడా ఇలాంటిదే. అతనికి కావలసినది మందలింపు కాదు, మరుగు.

2020లో కరోనా వచ్చినప్పుడు ఇదే కథ మళ్ళీ చూశాం. ఆశా కార్యకర్తలు, ఎ.ఎన్.ఎం.లు, అప్పట్లో ఉన్న గ్రామ వలంటీర్లు ఇంటింటికీ తిరిగి ఎవరు ఏ ఊరి నుండి వచ్చారో, ఎవరికి జ్వరముందో రాసుకున్నారు. ఆ పని ఎన్నో ప్రాణాలు కాపాడింది. అదే సమయంలో చాలా చోట్ల రోగుల పేర్లు సెల్‌ఫోన్లలో ఊరంతా తిరిగాయి. వీధి చివర కర్రలు కట్టారు. పాలు పోసేవాడు ఆ ఇంటి ముందు ఆగలేదు. చనిపోయినవారిని మోయడానికి నలుగురు దొరకని రోజులు కూడా వచ్చాయి. చెప్పినందుకు శిక్ష పడుతుందని తెలిస్తే రెండవసారి ఎవరు చెబుతారు?

ఇప్పుడు రహస్యం ప్రశ్నకు వద్దాం. నమ్మి చెప్పినదాన్ని పైకి చెప్పవచ్చా? పునీత తోమాసు అక్వీనాసు సాక్షుల ధర్మాన్ని చర్చిస్తూ ఈ ప్రశ్నను ఎదుర్కొన్నారు. పాప సంకీర్తనంలో గురువు విన్నది ఏ పరిస్థితిలోనూ బయటపెట్టరానిదని ముందుగా వేరుచేశారు. మిగతా రహస్యాల విషయంలో మాత్రం ఒక గీత గీశారు. అనేకుల ఆత్మకో శరీరానికో చేటు తెచ్చే సంగతి గాని, ఒక మనిషికి ఘోరమైన హాని కలిగించే సంగతి గాని తెలిసినవాడు, దాన్ని దాచుతానని మాట ఇచ్చి ఉన్నా చెప్పవలసినదేనన్నారు. ఎందుకంటే ఇతరులకు చేటు చేసే వాగ్దానం అసలు వాగ్దానమే కాదు. సుమారు ఏడున్నర శతాబ్దాల క్రితం, సూక్ష్మక్రిములంటే ఏమిటో లోకానికి తెలియని కాలంలో ఆయన ఈ మాట అన్నారు.

కాని ఈ సూత్రాన్ని సగం చదివి ఊరుకోకూడదు. చెప్పవలసినది చేటును ఆపడానికి. కాబట్టి దాన్ని ఆపగలిగిన వారికే చెప్పాలి, ఆపడానికి ఎంత అవసరమో అంతే చెప్పాలి. ఫలానా ఇంటి అబ్బాయికి రెండు వారాలుగా దగ్గు తగ్గలేదని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చెప్పి కఫం పరీక్ష చేయించడం ధర్మం. అదే మాట కొళాయి దగ్గర బిందె నిండేలోపు చెప్పుకోవడం అపనింద. మాట ఒకటే, సంగతి నిజమే, అయినా మొదటిది మందు, రెండవది విషం. మన చట్టాలు కూడా ఈ రెండు వైపులనూ గుర్తించాయి. క్షయ రోగి వివరాలు ప్రభుత్వానికి తెలపాలని 2012లో ఆదేశించారు. హెచ్.ఐ.వి. ఉన్న మనిషి సంగతిని అతని అనుమతి లేకుండా వెల్లడించరాదని 2017లో చట్టం చేశారు. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధమైనవి కావు. వ్యాధిని వెలుగులోకి తేవాలి, మనిషిని మరుగున ఉంచాలి.

అయితే నిఘాకూ కావలికీ తేడా ఎక్కడుంది? దీనికి జవాబు నాకు పాత నిబంధనలోనే దొరికింది. లేవీయకాండం 13, 14 అధ్యాయాలు చదివితే, ఆ రోజుల్లో చర్మవ్యాధిని కనిపెట్టే బాధ్యత యాజకునిదని తెలుస్తుంది. అతడు మచ్చను పరీక్షించాలి. నిర్ధారణ కాకపోతే ఏడు రోజులు వేరుగా ఉంచి మళ్ళీ చూడాలి. వ్యాధి అని తేలితే ఆ మనిషి పాళెం వెలుపల బ్రతకాలి. మనం సాధారణంగా ఇక్కడితో ఆగి, ఎంత కఠినమని అనుకుంటాం. కాని తరువాతి అధ్యాయం చూడండి. రోగికి నయమైందన్న కబురు వస్తే, యాజకుడే పాళెం దాటి బయటికి వెళ్ళి అతణ్ణి చూడాలి. చూసి, తిరిగి సమాజంలోకి తీసుకురావలసిన పని కూడా అతనిదే. పేరు రాసినవాడే పేరు కొట్టివేయడానికి నడిచి వెళ్ళాలి.

ఆ నడకలోనే తేడా ఉంది. నిఘా పెట్టినవాడు రాసుకుని వెళ్ళిపోతాడు. కావలి ఉన్నవాడు రాసుకుని తిరిగి వస్తాడు. మందు తెస్తాడు, పరీక్ష ఫలితం చెబుతాడు, "ఈ పూట ఎలా ఉంది?" అని అడుగుతాడు. మన రక్తం తీసుకుపోయి ఫలితం చెప్పని వ్యవస్థ మనల్ని సంఖ్యగా వాడుకున్నట్లే. మనిషిని ఎన్నడూ కేవలం సాధనంగా చూడరాదన్న కాంట్ సూత్రం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. బోదకాలు ఉన్నవారి పేర్లు జాబితాలో రాసినంత మాత్రాన పని అయిపోలేదు. రోజూ ఆ కాలిని సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడుచుకోవడం నేర్పాలి. వరిబీజం ఉన్నవారిని ఆపరేషనుకు తీసుకెళ్ళాలి. అప్పుడే ఆ జాబితాకు అర్థం.

తిరిగి వెళ్ళే మనిషికి ఏం దొరుకుతుందో చెప్పడానికి ఒక పాత సంగతి మనవి చేస్తాను. 1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ ప్రాంతంలో కలరా వచ్చి 600 మందికి పైగా చనిపోయారు. అక్కడి చేతిపంపు నీరే కారణమని డాక్టర్ జాన్ స్నో గుర్తించారు. ఆ పేటలోని ఆంగ్లికన్ సంఘపు యువ బోధకుడు హెన్రీ వైట్‌హెడ్ ఆ మాట నమ్మలేదు. అది తప్పని చూపించడానికే ఇల్లిల్లూ తిరిగాడు. కొన్ని ఇళ్ళకు నాలుగైదుసార్లు వెళ్ళాడు. తిరిగే కొద్దీ స్నో గారు చెప్పినదే నిజమని తేలింది. చివరికి ఆ పంపు పక్కనున్న 40వ నంబరు ఇంట్లో జబ్బుపడిన ఒక పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీరు గుంటలోకి, అక్కడి నుండి బావిలోకి దిగిందన్న ఆధారం దొరికింది కూడా అతని వల్లనే. డాక్టరుకు శాస్త్రం ఉంది. బోధకునికి ఆ ఇళ్ళవాళ్ళ పరిచయం ఉంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి తన సంగతి చెప్పేది పరిచయమున్న మనిషికే.

మశూచి పోయిన విధం కూడా ఇదే. 1973 నుండి మన దేశంలో వేలాదిమంది కార్యకర్తలు రోగి బొమ్మ ఉన్న కార్డు చేతబట్టి ఇంటింటా వెదికారు. కేసు చూపిన వారికి బహుమతి ప్రకటించారు. చివరికి అది 1000 రూపాయలకు చేరింది. 1975 మే నెల తరువాత దేశంలో ఎక్కడా మశూచి సోకలేదు. పోలియో విషయంలోనూ, కాలుచేయి హఠాత్తుగా చచ్చుబడిన ప్రతి బిడ్డనూ వెదికి పరీక్ష చేయించిన తరువాతనే, 2011 జనవరిలో హౌరాలో వచ్చిన కేసు చివరిదని చెప్పగలిగాం. జబ్బు లేదని చెప్పాలంటే కూడా ఎవరో ఒకరు చూస్తూనే ఉండాలి. ఎవరూ చూడకపోవడం వేరు, జబ్బు లేకపోవడం వేరు.

బహుమతి మాట వచ్చింది కనుక కార్యకర్త పక్షాన రెండు మాటలు. కేసుకి ఇంత అని పారితోషికం కట్టే పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది. ఆమె కళ్ళకు పొరుగువాడు రోగిగా కాక రొక్కంగా కనబడేట్టు చేస్తుంది. జబ్బు దొరకని నెలలో ఆమె కడుపు మాడాలా? ఊరు ఆరోగ్యంగా ఉండటమే ఆమె కష్టానికి ఫలం కదా! 2019లో మన రాష్ట్ర ప్రభుత్వం ఆశాల నెల పారితోషికాన్ని 10,000 రూపాయలకు పెంచింది. 2025లో ప్రసూతి సెలవు, గ్రాట్యుటీ ప్రకటించింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశపు పది లక్షల మంది ఆశాలను ప్రపంచ ఆరోగ్య నాయకుల పురస్కారంతో గౌరవించింది. గౌరవం మంచిదే. కాని పని చేసినవారికి చెల్లించేది దానం కాదు, వారి న్యాయమైన హక్కు. ఆమెను 'స్వచ్ఛంద సేవకురాలు' అని పిలిచి, ఉద్యోగిపై వేసే బరువంతా వేయడం న్యాయమా అన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. 2020లో కరోనా కాలంలో దేశంలో పలుచోట్ల ఆరోగ్య సిబ్బంది మీద చేయిచేసుకున్నారు. వారిని కాపాడటానికి ఆ ఏడాది ప్రత్యేకంగా చట్టాన్ని సవరించవలసి వచ్చింది. మన బిడ్డల ప్రాణాలకు కావలి కాసేవారికి చట్టం కావలి కాయవలసిన స్థితి మనకు గౌరవం కాదు.

ఇప్పుడు మన వంతు. కావలి కాసేవాడు ఎంత మెలకువగా ఉన్నా, గట్టు కింద ఇల్లున్నవాడు ఊట కనబడినా చెప్పకపోతే గండి పడక మానదు. తమ్ముడు ఎక్కడున్నాడని అడిగితే తనకేమి తెలుసునని, తానేమైనా అతనికి కాపలానా అని తప్పించుకున్నవాని కథ మనకు తెలుసు. గుమ్మంలో నిలబడి జ్వరమున్నా లేదనేవారు కూడా ఒక విధంగా ఆ జవాబే చెబుతున్నారు. కాబట్టి మూడు పనులు చేద్దాం. ఆమె అడిగినప్పుడు నిజం చెబుదాం. ఆమె చెప్పినదో, మనకు ఎలాగో తెలిసినదో పక్కింటి జబ్బును నలుగురిలో చర్చించకుండా ఉందాం. పేరు రాసుకుని వెళ్ళినవారు తిరిగి రాకపోతే, "మా పరీక్ష ఏమైంది?" అని అడుగుదాం. ఆ ప్రశ్న ఆమె మీద ఫిర్యాదు కాదు. ఆమెకు మందులూ, పరికరాలూ, జీతమూ సరిగా అందించవలసిన వారందరికీ అది చేరుతుంది.

జబ్బు చెప్పినవాని ఇంటికి ముందుగా వెళ్ళేది పొరుగువాళ్ళ చూపులు కాక, పొరుగువాళ్ళ గంజిగిన్నె అయిన రోజున మన ఊళ్ళో దాచవలసిన జబ్బంటూ ఉండదు. ఆ రోజున ఆ స్త్రీ గుమ్మంలోకి వచ్చి "అందరూ బాగున్నారా?" అని అడిగితే, "ఆయ్, బాగానే ఉన్నామండీ" అన్న జవాబును ఆమె నిశ్చింతగా నమ్మి పుస్తకంలో రాసుకోవచ్చు.